అభిమాన స్మృతియు పాఠనిర్ణయమును: ‘సూపర్‌మాన్’ చలనచిత్ర పరిశీలనము

కావ్యమునకు పాఠకుడెట్టివాడో చలనచిత్రమునకు ప్రేక్షకుడట్టివాడు. అయినను వీరిరువురకును ఒక భేదము కలదు. కావ్యమును చదివినవాడు దానిని తన యింట నుంచుకొని, కోరినప్పుడెల్ల విప్పి చూచుకొనగలడు. చలనచిత్రమును చూచినవానికి చిరకాలము ఆ సౌకర్యము లేకపోయెను. ప్రదర్శనశాలనుండి వెలుపలికి వచ్చిన పిమ్మట వానికి మిగులునది స్మృతి యొక్కటియే. టెలివిజను, వీడియో టేపు, డి.వి.డి. మున్నగు సాధనములు వచ్చిన తరువాత స్మృతికిని చిత్రమునకును మఱల సమావేశము కలిగినది. అప్పుడు బయల్పడిన విషయమేమనగా, ఒకే పేరుగల చిత్రమునకు సైతము భిన్న ప్రతులు కలవు. ఎవరు బాల్యమున ఏ ప్రతిని చూచిరో వారికి అదియే చిత్రము.

తాళపత్ర ప్రతులతో పరిచయముగల తెలుగు పరిశోధకులకు ఇది క్రొత్త సమస్య కాదు. పాఠాంతరములు, ప్రక్షిప్తములు, గ్రంథపాతములు, పూరణములు మనకు నిత్యవ్యవహారములు. చలనచిత్ర విషయమున క్రొత్తదనము వేఱొకటి కలదు. ఇచ్చట పాఠమును గూర్చి తగవులాడినవారు పండితులు కారు, అభిమానులు. పరిష్కృత ప్రతి వెలువడుటకు సైతము వారి కోరికయే ప్రధానహేతువైనది. కావున ప్రీతితో కూడిన స్మృతి పాఠనిర్ణయమున ప్రమాణమగునా, కాదా, అగుచో ఎంతవఱకు అను ప్రశ్నకు 1978 నాటి అమెరికా చిత్రమగు ‘సూపర్‌మాన్’ తగిన ఉదాహరణము. దానిని పురస్కరించుకొని ఈ విషయమును వివరింపబూనితిమి.

చిత్ర పూర్వరంగము

సూపర్‌మాన్ అను అతిమానుష వీరుడు 1938లో ‘యాక్షన్ కామిక్స్’ అను బొమ్మల కథల పత్రిక తొలి సంచికలో అవతరించెను. అతని సృష్టికర్తలు క్లీవ్‌లండ్ నగరమునకు చెందిన ఇరువురు యువకులు: జెరీ సీగెల్ రచయిత, జో షుస్టర్ చిత్రకారుడు. నశించుచున్న క్రిప్టాన్ అను గ్రహమునుండి తండ్రి జోర్-ఎల్ తన శిశువును భూమికి పంపుట, ఆ శిశువు ఒక కర్షక దంపతుల యింట పెరుగుట, పెద్దవాడై క్లార్క్ కెంట్ అను పేర పత్రికా విలేఖరియై బెదురుగొడ్డువలె సంచరించుచు, ఆపద్ఘడియలలో నిజరూపము దాల్చి గగనమున కెగయుట, ఇదియే కథాసంగ్రహము. దేవరహస్యమును కడుపున దాచుకొని గొల్లపల్లెలో పెరిగిన బాలుని కథ నెఱిగిన మనకు ఈ కల్పన అపరిచితముగా దోపదు.

ఈ కథను పెద్ద యెత్తున తెర కెక్కించినవారు అలెగ్జాండర్, ఇల్యా సాల్‌కిండ్ అను తండ్రికొడుకులు. దర్శకుడు రిచర్డ్ డానర్. మారియో ప్యూజో మొదలగువారు కూర్చిన రచనను టామ్ మాన్‌కీవిచ్ సంస్కరించెను. ఛాయాగ్రహణము జెఫ్రీ అన్స్‌వర్త్‌ది, సంగీతము జాన్ విలియమ్స్‌ది. నాయకుడు క్రిస్టఫర్ రీవ్. నాయిక లోయిస్ లేన్‌గా మార్గట్ కిడర్, ప్రతినాయకుడు లెక్స్ లూథర్‌గా జీన్ హాక్‌మన్, జోర్-ఎల్‌గా మార్లన్ బ్రాండో నటించిరి. 1978 డిసెంబరులో విడుదలయైన ఆ ప్రతి నిడివి 143 నిమిషములు. చిత్రీకరణము ముగియక మునుపే నిర్మాతలు రెండవ చిత్రమును సంకల్పించి, రెంటిని కలిపి తీయించుచుండిరి. తరువాతి చిక్కులకెల్ల బీజమిదియే.

అభిమాన హేతువులు

చిత్రము వెలువడి నాలుగు దశాబ్దములు దాటినను దానిని తలచుకొనువారి ప్రీతి తఱుగలేదు. 2017లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి స్థానము లభించినది. ఇలినాయ్ రాష్ట్రమున మెట్రోపోలిస్ అను చిన్న పట్టణమొకటి, కథలోని మహానగరముతో పేరు కలియుటచే, 1972లో తన్ను సూపర్‌మాన్ స్వగ్రామముగా ప్రకటించుకొనెను. అచ్చట ఏటేట ఉత్సవము జరుగుచున్నది. 1993లో ప్రతిష్ఠించిన కంచు విగ్రహమును కలదు. ఇట్టి ప్రీతికి హేతువులను మూడు విధములుగా విభజింపవచ్చును.

మొదటిది శిల్పము. మనుష్యుడు ఎగురునని ప్రేక్షకుడు నమ్మవలెననుట ఆ చిత్ర ప్రకటనల సారాంశము. డానర్ తన సహచరులకు నిరంతరము జ్ఞప్తిచేసిన మాటయు ‘నమ్మదగినతనము’ అను అర్థము గలదియే. దీనికై జొరాన్ పెరిసిక్ అను నిపుణుడు ఒక యుక్తి కల్పించెను. నటుని వెనుక తెరపై ఆకాశ దృశ్యమును ప్రసరింపజేయు యంత్రమునకును, నటుని చిత్రించు కెమెరాకును జూమ్ కటకములు అమర్చి, అవి రెండును ఏకకాలమున కదలునట్లు చేసెను. తెరపై దృశ్యము చిన్నదగుకొలది కెమెరా దానిని దగ్గరకు తీసికొనును. అందుచే ఆకాశము పరిమాణము మాఱక నిలుచును. నటుడు మాత్రము కదలకయే మనవైపు దూసికొని వచ్చుచున్నట్లు కనబడును. ఈ చిత్ర దృశ్యకల్పనకు 1979లో ఆస్కార్ ప్రత్యేక పురస్కారము లభించెను. నేటి కంప్యూటరు కల్పనలు దీనిని మించిపోయినవి. అయినను అభిమానులు దీనినే తలచుటకు కారణము, అచ్చట నిజముగా ఒక దేహము వ్రేలాడినదనియు, ఆ దేహము బరువును కన్ను గుర్తించుననియు మాకు తోచుచున్నది.

రెండవది అభినయము. లోయిస్ ఇంటిలో ఆమె లోపలికి పోయిన క్షణమున క్లార్క్ తన రహస్యము వెల్లడింపదలచును. అతడు కండ్లద్దములు తీసి, వంగిన వీపు నిక్కించి, భుజములు విప్పును, కంఠస్వరము గంభీరమగును. అంతలో ధైర్యము చాలక మరల అద్దములు ధరించి కుంచించుకొనిపోవును. వేషము మాఱలేదు, వెలుగు మాఱలేదు, కెమెరా యుక్తియు లేదు. ఒక్క మనిషి ఇరువురైనాడు. ఆహార్యమునకంటె ఆంగికము బలవత్తరమని బోధించుటకు నాట్యశాస్త్ర విద్యార్థికి ఇంతకన్న సులభమైన ఉదాహరణము దొరకదు. అద్దములు పెట్టుకొన్నంతమాత్రమున నాయిక గుర్తింపకుండుట అసంభవమను చిరకాలపు ఆక్షేపణకు రీవ్ ఈ విధముగా సమాధానము చెప్పెను. అభిమానులు తఱచుగా పేర్కొను రంగములలో ఇది యొకటి.

మూడవ హేతువు చిత్రమున కానరాదు. 1995 మే నెలలో గుఱ్ఱముపైనుండి పడిన రీవ్ మెడక్రింది శరీరమంతయు చచ్చుబడి, తొమ్మిదేండ్లకు పైగా చక్రముల కుర్చీలో జీవించెను. వెన్నుపాము గాయముల చికిత్సా పరిశోధనకై పాటుపడుచు 2004 అక్టోబరులో తన 52వ యేట మరణించెను. అతని జీవితముపై 2024లో సమగ్రమైన వృత్తాంత చిత్రము వెలువడినది. ఈ సంగతి నెఱిగి నేడు 1978 నాటి చిత్రమును చూచువానికి, నాడు అద్భుత వీర రసములకు ఆలంబనమైన గగనయానమే కరుణచ్ఛాయను దాల్చును. ఈ కారుణ్యము డానర్ ఉద్దేశించినది కాదు, ఉద్దేశింపగలిగినదియు కాదు. అయినను అనుభవమున నది సత్యము. స్మృతి చిత్రమునకు అర్థమును చేర్చుననుటకు ఇదియే నిదర్శనము.

‘అభిమానము’ అను పదమే ఇందులకు సాక్షి. సాంఖ్యులు అహంకారమునకు అభిమానమే లక్షణమనిరి. అనగా ‘నేను, నాది’ అను భావము. తెలుగున ఆ పదము ప్రీతి, ఆత్మగౌరవము అను అర్థములలో స్థిరపడినను, మూలార్థము పూర్తిగా విడిచిపోలేదు. అభిమాని చిత్రమును ప్రేమించువాడు మాత్రమే కాడు, దానిని తనదిగా భావించువాడు. ప్రేమించినవస్తువు చెడినచో దుఃఖము కలుగును. తనదైన వస్తువు చెడినచో దావా పుట్టును.

ప్రథమ చిత్రము: ప్రతిభేదములు

143 నిమిషముల చిత్రము 1982లో అమెరికా టెలివిజనున ప్రసారమైనప్పుడు మూడు గంటల ప్రమాణమునకు పెరిగినది. దర్శకుడు తొలగించిన రంగములనే నిర్మాతలు ప్రసారకాలమును పెంచుటకై మరల చేర్చిరి. 188 నిమిషముల టెలివిజను ప్రతి 2017లో విడిగా వెలువడినది. అంతకు మునుపు 2001లో డి.వి.డి.గా వచ్చిన పరిష్కృత ప్రతి 151 నిమిషములది. ఇట్లు లఘుప్రతి, మధ్యమప్రతి, బృహత్ప్రతి అని మూడు ఏర్పడినవి.

వీనిలో కర్తకు సమ్మతమైనది ఏదియని విచారించినచో బృహత్ప్రతి నిలువదు. అది లేఖకుడు దొరికిన పద్యములన్నిటిని చేర్చి వ్రాసిన ప్రతివంటిది. అయినను టెలివిజను ముందు కూర్చుండి తొలిసారి ఆ చిత్రమును చూచిన బాలబాలికలకు ఆ చేర్పులు చేర్పులని తెలియవు. పెద్దవారైన పిమ్మట 143 నిమిషముల ప్రతిని చూచి, ‘ఇందేదియో తఱిగినది’ అని వారు చింతించుట సహజము. ప్రక్షిప్త పద్యములను తొలగించిన పరిష్కర్తపై ఆబాల్యము వానిని వల్లించినవారు కినియుట మనమెఱుగనిది కాదు.

ద్వితీయ చిత్రము: గ్రంథపాతము, పూరణము

అసలు చిక్కు రెండవ చిత్రమున కలదు. ప్రథమ చిత్రముతోపాటే డానర్ దానిలో అధికభాగమును చిత్రించియుండెను. కాని నిర్మాతలకును అతనికిని పొసగకపోవుటచే 1979లో అతనిని తొలగించి, రిచర్డ్ లెస్టర్ అను మఱియొక దర్శకుని నియమించిరి. లెస్టర్ కొన్ని రంగములను క్రొత్తగా చేర్చెను, కొన్నిటిని మరల తీసెను. 1980 డిసెంబరులో ఆస్ట్రేలియాలోను, 1981లో అమెరికాలోను విడుదలయైన ‘సూపర్‌మాన్ 2’ అతని పేరనే వెలసినది. హాక్‌మన్ తిరిగి నటించుటకు రాలేదు. అందుచే ఆ చిత్రమున కనబడు అతని అభినయమంతయు డానర్ చిత్రించినదే. బ్రాండో నటించిన భాగము విడువబడినది. తండ్రి పలుకవలసిన మాటలు తల్లి పాత్రధారిణి నోట పలికింపబడినవి.

1984లో ఈ చిత్రము టెలివిజనున ప్రసారమైనప్పుడు ప్రదర్శనశాలలలో కనబడని రంగములు కొన్ని అందు కనిపించినవి. ఏ రంగము ఎవరు తీసినది, రీవ్ శరీరము ఏ రంగమున బలిసియున్నది, ఏ రంగమున చిక్కియున్నది, కేశవిన్యాసము ఎచ్చట మాఱినది అని అభిమానులు పరిశీలింపసాగిరి. లిపి ఒరవడినిబట్టి లేఖకులను వేఱుపఱచు పద్ధతికిని దీనికిని భేదము లేదు. విడువబడిన భాగములను వెలికిదీసి డానర్ సంకల్పించినట్లు కూర్పవలెనని వారు ఏండ్ల తరబడి కోరుచుండిరి. తుదకు మైకేల్ థా కూర్పరిగా, డానర్ సమ్మతితో, 2006 నవంబరులో ‘రిచర్డ్ డానర్ ప్రతి’ వెలువడినది.

అయితే డానర్ తీయకయే విడిచిన రంగములను ఎట్లు పూరింపవలెను? క్లార్కే సూపర్‌మాన్ అని లోయిస్ కనుగొను ఘట్టము కథకు ప్రాణము. లెస్టర్ ప్రతిలో క్లార్క్ తడబడి నిప్పులో చేయిపెట్టగా, అది కాలకుండుటచే రహస్యము బయల్పడును. డానర్ రచనలో లోయిస్ తుపాకి పేల్చును. రహస్యము బయల్పడిన తరువాత, అందు గుండు లేదని తెలియును. ఈ ఘట్టమును డానర్ చిత్రింపలేదు. కాని నటులను ఎన్నుకొను కాలమున రీవ్, కిడర్ ఇరువురును ఇదే ఘట్టమును పరీక్షార్థము నటించియుండిరి. ఆ పరీక్షా ఖండములనే అతికి 2006 ప్రతిలో చేర్చిరి. ఒకే సంభాషణలో నాయకుని కేశములు, కండ్లద్దములు, శరీరపుష్టి మాఱుచుండును. అతుకు స్పష్టముగా కనబడును.

మన వాఙ్మయమున పూరణములకు కొదువ లేదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించెను. పోతన భాగవతమున పంచమ స్కంధము గంగన పేరను, షష్ఠము సింగన పేరను, ఏకాదశ ద్వాదశములు నారయ పేరను నిలిచినవి. ఎఱ్ఱన రాజరాజనరేంద్రుని సంబోధించుచునే, నన్నయ రీతి ననుసరించుచు మెల్లగా తన రీతిలోనికి దింపుకొనెను. అది అతుకు కనబడనీయని పూరణము. లెస్టర్ చేసినది దీనికి విలోమము. అతడు పూర్వకర్త శైలిని ఆదరింపక హాస్యమును పెంచెను. 2006 నాటి ప్రతి మూడవ విధమునకు చెందినది. అది క్రొత్తగా రచింపదు, కర్త చిత్తుప్రతిలోని వాక్యమునే గ్రంథపాతస్థలమున నిలుపును. పాఠశుద్ధి దృష్టితో ఇది నిజాయితీగల పద్ధతి, రసదృష్టితో విఘ్నకరము. ఈ రెండును ఏకకాలమున సత్యములే.

తాత్పర్య నిర్ణయము

మీమాంసకులు తాత్పర్య నిర్ణయమునకు చెప్పిన లింగములలో మొదటిది ఉపక్రమోపసంహారముల ఐక్యము. ఈ లింగమును రెండు ప్రతులకును అన్వయించి చూతము. ప్రథమ చిత్రారంభమున జోర్-ఎల్ తన శిశువును సాగనంపుచు, తండ్రి కొడుకునందును కొడుకు తండ్రియందును నిలుతురను భావమును పలుకును. డానర్ ప్రతిలో, ప్రేమకై శక్తులను విడిచిన కుమారుడు పశ్చాత్తాపముతో మరలిరాగా, తండ్రి తన శేషశక్తిని ధారపోసి అతనిని ఉద్ధరించును. మొదటి మాట ఇచ్చట నెరవేరుచున్నది. లెస్టర్ ప్రతిలో తండ్రియే లేడు. పోయిన శక్తులు తిరిగివచ్చిన విధము తగినంతగా చూపబడలేదు. కావున ఈ సూత్రమునందు డానర్ ప్రతికే బలము కలదు. అభిమానుల కోరిక కేవల మమకారము కాదని ఇది స్థాపించుచున్నది.

కాని అదే లింగము డానర్ ప్రతిని మఱియొకచోట బాధించుచున్నది. కాలమును వెనుకకు త్రిప్పి జరిగినదానిని జరుగనట్లు చేయు ఘట్టము మొదట రెండవ చిత్రమునకు ఉద్దేశింపబడి, తరువాత ప్రథమ చిత్రాంతమునకు మార్చబడినది. 2006 ప్రతి ఆ ఘట్టమును పూర్వోద్దేశము ననుసరించి రెండవ చిత్రాంతమునను నిలిపినది. ఫలితముగా రెండు చిత్రములును ఒకే అద్భుతముతో ముగియుచున్నవి. నాయకుడు పడిన బాధయంతయు రెండవసారి రద్దగుచున్నది. లెస్టర్ ప్రతిలోని ముగింపు, అనగా ముద్దుచే నాయిక స్మృతి తొలగుట, ఎంత కృత్రిమమైనను పునరుక్తి దోషము లేనిది.

డానర్ చిత్రకర్తయే కదా, అతని ఉద్దేశమే ప్రమాణము కాదా యని ప్రశ్నింపవచ్చును. ఉద్దేశము ఏకకాలికము కాదనుట మా సమాధానము. 1977 నాటి ఉద్దేశము వేఱు, 1978లో ముగింపును మార్చిన ఉద్దేశము వేఱు, 2006లో సమ్మతించిన ఉద్దేశము వేఱు. పరిష్కర్త ఏ కాలపు కర్తను ఆశ్రయించెనో పీఠికలో చెప్పవలెను. 2006 ప్రతి ‘మొదటి ఉద్దేశము’ అను కల్పిత మూలము యొక్క ఊహాప్రతియే కాని, ఎన్నడో ఉండి నశించిన చిత్రము కాదు. లెస్టర్ ప్రతితో పెరిగినవారు దానినే ప్రేమించి, డానర్ ప్రతిని వింతగా చూచుటయు అన్యాయము కాదు. కోట్లకొలది జనులు చూచినది, స్మరించినది ఆ ప్రతియే. అది వ్యాప్తిపాఠము, డానర్ ప్రతి పరిష్కృతపాఠము. ఒకటి రెండవదానిని రద్దుచేయజాలదు.

తెలుగునాటి సంబంధము

సూపర్‌మాన్ పేర 1980లో తెలుగున ఒక చిత్రము వచ్చినది. వి. మధుసూదనరావు దర్శకుడు, ఎన్. టి. రామారావు, జయప్రద ప్రధాన పాత్రధారులు. అందు నాయకునకు శక్తులు అన్యగ్రహ జన్మముచే రాలేదు; ఆంజనేయుని వరమువలన వచ్చినవి. అమెరికా కథలో విజ్ఞానకల్పన యున్న స్థానమున మన కథకులు భక్తిని నిలిపిరి. గగనయానము, బలము, ఆ బలమును మఱచియుండుట, ఈ మూడును హనుమంతునియందు లోగడనే కలవు గాన ఆ మార్పు అసంగతము కాలేదు. 

స్మృతికిని పరిష్కృత ప్రతికిని గల తగవు మన చిత్రములకును సంక్రమించినది. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో వర్ణచిత్రముగా మరల విడుదలయైనది. నలుపు తెలుపులలో దానిని చూచినవారి స్మృతియు, వర్ణములలో తొలిసారి చూచినవారి స్మృతియు ఇకమీదట వేఱువేఱుగా సాగును. ముప్పదియేండ్ల తరువాత ఒక ప్రేక్షకుడు శశిరేఖ చీర రంగును నిశ్చయముగా చెప్పినచో, అది 1957 నాటి చిత్రమునకు సాక్ష్యము కాజాలదు.

ఉపసంహారము

‘శాకుంతలము’ పంచమాంకమున దుష్యంతుడు హంసపదిక గానమును విని కారణమెఱుగని ఔత్సుక్యమునకు లోనగును. వస్తువు మఱపున పడినది, ప్రీతి మాత్రము నిలిచినది. అభిమానుల స్మృతియు తఱచుగా ఇట్టిదే. అందలి ప్రీతి సత్యము. వస్తువును గుర్తించు భారము మాత్రము పరిశోధకునిది.

పై విచారణమువలన తేలిన విషయములివి. అభిమాన స్మృతి, ఒక ప్రతి జనులలో ఎట్లు గృహీతమైనదో తెలుపుటకు ముఖ్యప్రమాణము. కర్త యుద్దేశమును తెలుపుటకు అది ప్రమాణము కాదు. కాని విడువబడిన సామగ్రిని వెదకించుటకు అంతకు మించిన ప్రేరకము లేదు. ఆ ప్రీతియే లేకున్నచో డానర్ తీసిన ఖండములు పెట్టెలలోనే యుండెడివి. 1931 నాటి ‘ఆలమ్ ఆరా’ మనకు దక్కకపోవుటను తలచినచో ఈ ప్రేరణ విలువ తెలియగలదు. 

కావున తెలుగు చిత్రములపై ప్రేక్షకుల జ్ఞాపకములను సేకరించు విద్యార్థులు, ‘చిత్రమెట్లుండెను?’ అను ప్రశ్నతో ఆరంభింపరాదు. ‘ఎన్నడు చూచితిరి, ఎచ్చట చూచితిరి, ప్రదర్శనశాలలోనా, టెలివిజనులోనా, తరువాత ఎన్నిసార్లు చూచితిరి?’ అని ముందుగా అడిగి వ్రాసికొనవలెను. తాళపత్ర ప్రతికి లేఖకుని పేరు, కాలము, స్థలము ఎంత అవసరములో జ్ఞాపకమునకును ఇవి యంత అవసరములు. నాటి చిత్రములను తొలి విడుదలలో చూచినవారు ఏటేట తఱుగుచున్నారు. వారి ప్రీతిని ఆదరించుచు, వారు చూచిన ప్రతి ఏదియో నిర్ణయించి యుంచినచో, రాబోవు పరిష్కర్తలకు ఆ సేకరణమే మూలప్రతియై ఉపకరింపగలదు.